హనుమకొండలో ఆటిజం థెరపీ కేంద్రం: ఇంటిల్లిపాదికీ పని నేర్పే చోటు

ఆటిజం ఉన్న పిల్లల కోసం హనుమకొండలో నడుస్తున్న ఈ కేంద్రానికి మా బాబును ఏడాదికి పైగా తీసుకెళ్తున్నాము. వివరంగా రాయడానికి కారణం ఒకటే. ఇక్కడ బిడ్డకు మాత్రమే కాక బిడ్డను పెంచే వాళ్లందరికీ పని నేర్పుతారు. ఆటిజం విషయంలో బిడ్డ ముందుకు సాగడం ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉంటుందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంతకుముందు మేము వెళ్లిన మరో చోట బిడ్డను తలుపు దగ్గర అప్పగించడం, ముప్పావు గంట తర్వాత వెనక్కి తీసుకోవడం మాత్రమే మా పని. లోపల ఏం చేయించారని అడిగితే "బాగానే చేశాడు" అనే మాట తప్ప మరొకటి వచ్చేది కాదు. ఇక్కడ తలుపు మూసేసరికి మనం కూడా లోపలే ఉంటాము. వారంలో థెరపిస్టు దగ్గర గడిపేది కొద్ది గంటలే కాబట్టి, మిగిలిన మెలకువ సమయమంతా ఎవరి చేతుల్లో గడుస్తుందో వాళ్లే అసలు గురువులని, స్నానం, అన్నం, బట్టలు వేసుకోవడం, బయటికి వెళ్లడం వంటి రోజువారీ పనుల్లోనే నేర్పవలసింది నేర్పాలని మొదటి రోజే చెప్పారు.

అసెస్‌మెంట్ కూడా అదే తీరులో సాగింది. సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ రూపొందించిన, ఇసా అని పిలిచే 40 అంశాల భారతీయ కొలమానం ప్రకారం స్కోరు వేశారు. 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేనట్టని, 70 నుంచి 106 వరకు స్వల్పమని, 107 నుంచి 153 వరకు మధ్యస్థమని, అంతకు మించితే తీవ్రమని వివరించారు. అయితే ఆ అంకె వైకల్య సర్టిఫికెట్‌కు పనికొస్తుందే తప్ప రేపు ఉదయం ఏం నేర్పాలో చెప్పదని కూడా అన్నారు. ఆ తర్వాత కాగితం పక్కన పెట్టి, రోజులో మాకు అన్నిటికన్నా కష్టమైన సమయం ఏదో చెప్పమని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగారు. నా భార్య అన్నం తినిపించే వేళ అని, మా అమ్మ పిల్లవాడు ఏడుస్తున్నప్పుడు ఏం కావాలో తెలియకపోవడమని, నేను బస్సు ప్రయాణమని చెప్పాము. మొదటి మూడు నెలల లక్ష్యాలు ఈ మూడు జవాబుల నుంచే పుట్టాయి. అంత ఓపికగా మమ్మల్ని ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

మా ఇంట్లో బాబును పగలంతా చూసుకునేది మా అమ్మ. అది తెలిసి ఆమెను కూడా సెషన్‌కు రమ్మన్నారు. చాప మీద బాబుకు ఎదురుగా ఆమెను కూర్చోబెట్టి, మేము తెచ్చిన సకినాల డబ్బా ఆమె ఒడిలో పెట్టారు. వాడు చెయ్యి చాపగానే ఆమె సకినం మొత్తం ఇవ్వబోయింది. థెరపిస్టు అమ్మాయి ఆమె చేతిని మెల్లగా ఆపి, "బాపమ్మా, వాడు అడగకముందే ఇచ్చేస్తే వానికి అడిగే అక్కర ఏముంటది?" అన్నది. చిన్న ముక్క విరిచి, తన ముఖం దగ్గరగా పట్టుకుని, మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఏమీ మాట్లాడకుండా ఆగమని చూపించింది. బాబు ముక్క వైపు, ఆ తర్వాత ఆమె కళ్ల వైపు చూసి "కి" అన్నాడు. వెంటనే ముక్క ఇచ్చి "సకినం" అని స్పష్టంగా అనమన్నది. ఆ వారమంతా మా అమ్మ అదే పనిగా ముక్కలు విరిచింది. నీళ్లకు, పాలకు, బయటికి పోవడానికి కూడా ఆగి చూడడం తనంతట తానే మొదలుపెట్టింది. ఏ యంత్రమూ, ఖరీదైన బొమ్మా లేకుండా, ఇంట్లో ఉన్న తిండితో, ఇంటి మాటతో సాగే ఈ బోధనే ఈ కేంద్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది.

నెలకోసారి ఇంట్లో మేము బాబుతో ఆడుకుంటుండగా తీసిన చిన్న వీడియోను తెమ్మంటారు. థెరపిస్టు మాతో పాటు కూర్చుని దాన్ని ఆపి ఆపి చూపిస్తారు. తప్పులు వెతకరు. బాబు మా వైపు తిరిగిన క్షణం, మేము వాడి ఆటలోకి వెళ్లిన క్షణం ఎక్కడున్నాయో చూపించి, వాటిని పెంచమంటారు. ఈ పద్ధతికి పరిశోధన బలం ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో జరిగి, 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వెలువడిన అధ్యయనంలో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు ఇలాంటి శిక్షణ ఇచ్చారు. బిడ్డ ధ్యాసను అనుసరించి తల్లిదండ్రులు స్పందించడం, బిడ్డ తనంతట తాను సంభాషణ మొదలుపెట్టడం రెండూ మెరుగైనట్టు తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2 నుంచి 9 ఏళ్ల పిల్లల సంరక్షకుల కోసం తయారు చేసిన శిక్షణ కూడా తొమ్మిది బృంద సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలతో దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. జిల్లాకు ఒకరిద్దరు స్పెషలిస్టులు దొరకడమే కష్టమైన మన ప్రాంతానికి ఇంతకంటే తగిన మార్గం నాకు కనిపించడం లేదు.

పండుగలను కూడా వీళ్లు వదిలిపెట్టలేదు. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ ఆటలో మైకుల హోరుకు బాబు చెవులు మూసుకుని కింద పడి ఏడుస్తాడు కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు ప్రతి ఏటా ఆగిపోయేవారు. వెళ్లొద్దని చెప్పకుండా, వెళ్లే దారి మాతోనే ఆలోచింపజేశారు. ముందు రోజుల్లో ఫోన్‌లో ఆ పాటలను తక్కువ శబ్దంతో వినిపించడం, చెవులకు హెడ్‌ఫోన్లు అలవాటు చేయడం, జనం పెరగకముందే వెళ్లి కొద్దిసేపటికే తిరిగి రావడం అనుకున్నాము. నా భార్య బతుకమ్మ ఎత్తుకుంది, బాబు నా భుజం మీద నుంచి పూలను చూశాడు. కుటుంబం అంతా కలిసి బయటికి వెళ్లగలగడం కూడా చికిత్సలో భాగమేనని భావించే చోటు మా కంటబడింది ఇదొక్కటే.

ఆటిజం నయమైపోతుందని ఇక్కడ ఎవరూ అనరు. మూలకణాల (స్టెమ్ సెల్) ఇంజెక్షన్ల గురించి బంధువులు చెప్పిన మాట ఎత్తితే, 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు ఆటిజానికి దాన్ని చికిత్సగా గుర్తించలేదని, ఆ డబ్బు దాచుకోమని సూటిగా చెప్పారు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటని, సర్టిఫికెట్ తీసుకోవడానికి సిగ్గుపడవద్దని చెప్పి, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు కూడా దగ్గరుండి నింపించారు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తించే ఈ బీమా నుంచి థెరపీ ఖర్చులో కొంత తిరిగి పొందవచ్చని అప్పటిదాకా మాకు తెలియదు.

లోపాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు. సెషన్లన్నీ పని దినాల్లో, పని వేళల్లోనే ఉంటాయి. కుటుంబమంతా రావాలని చెప్పే చోట, ఉద్యోగం చేసే తండ్రి నెలకోసారి సెలవు పెట్టుకుంటే తప్ప రాలేని పరిస్థితి సరైనది కాదు. శనివారం సాయంత్రం ఒక్క పూటైనా తెరవాలి. ఇంటి దగ్గర చేయవలసిన పనుల కాగితం ఇంగ్లీషులో ఇస్తున్నారు. చదవలేని మా అమ్మకు దానివల్ల ఉపయోగం లేదు, పరకాల, ములుగు నుంచి వచ్చే తల్లుల్లో చాలామందికీ లేదు. తెలుగులో, వీలైతే బొమ్మలతో ఇవ్వాలి. బడితో సంబంధం కూడా అంతంత మాత్రమే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాల రిసోర్స్ టీచర్లతో వీళ్లు ఒక్కసారి మాట్లాడినా, మా బాబు టీచరుకు అదే విషయం మేము మళ్లీ మొదటి నుంచి వివరించవలసిన అవసరం ఉండదు. పన్నెండేళ్లు దాటిన పిల్లలకు ఇక్కడ ప్రత్యేకంగా ఏదీ లేదు, వాళ్ల తల్లిదండ్రులు ముందే అడిగి తెలుసుకుని రావడం మంచిది.

రుసుము నెల లెక్కన తీసుకుంటారు. బిడ్డకు జ్వరం వచ్చి మానేసిన సెషన్‌ను మరో రోజు ఇస్తారు. గది మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లు ముందే ఫోన్ చేస్తే కింది గదిలో కూర్చోబెడతారు. మొదటి అసెస్‌మెంట్‌కు దాదాపు సగం రోజు పడుతుంది. ఇంట్లో బిడ్డను రోజూ చూసుకునేది ఎవరైతే వారిని, బిడ్డ ఇష్టపడే తిండిని, పాత రిపోర్టులన్నింటినీ వెంట తీసుకుని రండి.