లైట్లు ఆర్పుతామన్న లాడ్జి, ఆర్పమనకుండానే ఆర్పిన నిమ్మతోట

బుక్ చేసే ముందు ఫోనులో మూడుసార్లు అడిగాను, రాత్రిపూట టెర్రస్ మీద లైట్లు ఆర్పుతారా అని. "టెర్రస్ అంతా మీదే సార్, చీకటి ఎంత కావాలంటే అంత" అన్నాడు మేనేజరు. ఆ మాట నమ్మి ఫోన్‌పేలో వెయ్యి అడ్వాన్సు కొట్టాను. రాపూరు నుంచి పెంచలకోన నరసింహస్వామి గుడికి వెళ్లే దారిలో ఉన్న ప్రైవేటు లాడ్జి అది. పేరు రాయను.

ఇదంతా ఒక రాయి కోసం. 887 అలిండా అనే గ్రహశకలం. 1918లో జర్మనీలో మాక్స్ వోల్ఫ్ కనిపెట్టాడు. అడ్డంగా నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 2025 జనవరి 8న భూమికి కోటీ 23 లక్షల కిలోమీటర్ల దూరంలో, అంటే చందమామ కన్నా 32 రెట్లు దూరంలో, దాటిపోయింది. భయపడాల్సిన పనేం లేదు. మామూలు కంటికి ఆనదు గానీ చిన్న టెలిస్కోపులో చుక్కలా దొరుకుతుంది. 14 తెల్లవారుజామున పౌర్ణమి కాబట్టి, చంద్రుడు అస్తమించాక తెల్లారేలోపు దొరికే చీకటే మాకు గతి. రోజు గడిచేకొద్దీ ఆ చీకటి గంట చొప్పున తగ్గిపోతుంది. అందుకే 9, 10 రాత్రులు పెట్టుకున్నాం.

చంద్రాస్తమయం నిమిషాలతో సహా లెక్కేసిన నేను క్యాలెండర్‌లో తిథి చూసుకోలేదు. 10వ తేదీ ముక్కోటి ఏకాదశి!

గురువారం సాయంత్రానికి కోన దారంతా కార్లు. మామూలు రోజు 1,200 అని చెప్పిన గది 2,400 అయింది. పైగా రెండు రాత్రులకూ ముందే కట్టాలన్నాడు. వాదించాను. నా వెనక పిల్లాజెల్లాతో నాలుగు కుటుంబాలు నిలబడి ఉన్నాయి, ఇంక వాదనేముంది? 4,800లో అడ్వాన్సు పోగా మిగతాది కట్టాం. గీజర్ లేదు, దుప్పటి ఒకటే. అవి సర్దుకోవచ్చు. టెర్రస్ ఎక్కి చూస్తే పిట్టగోడ పొడుగునా సీరియల్ సెట్లు, మూలమూలకీ ఫ్లడ్‌లైటు. ఫిజిక్స్ మాస్టారు (రిటైరయ్యారు, మా ముగ్గురిలో పెద్దాయన) ఒక్క మాట కూడా అనకుండా ట్రైపాడ్ మళ్లీ మడిచేశారు.

కిందికి దిగి అడిగితే, "పండగ పూట చీకటేంది సార్, అపశకునం కదా" అన్నాడు అదే మేనేజరు. మా బావమరిది వంద చేతిలో పెడితే ఒక ఫ్లడ్‌లైటు ఆర్పాడు, పది నిమిషాలకి ఇంకెవరో వచ్చి వేశారు. దానికితోడు పడమటి వైపు వెలిగొండలు గోడ కట్టినట్టు నిలబడ్డాయి, మా రాయి ఉన్న మిథునరాశి దిగేది అటే. మూడున్నరకి చంద్రుడు పోయాడనుకునేసరికి మైకులో పాశురాలు మొదలయ్యాయి. ఆ రాత్రి తీసిన ఫోటోలన్నీ తెల్లగా పాలిపోయి ఉన్నాయి. మైకుని నేనేమీ అనను, వాళ్ల పండగ వాళ్లది. చీకటి అమ్మి వెలుతురు ఇచ్చినవాడి మీదే నా కోపమంతా.

శుక్రవారం దర్శనం బాగా జరిగింది. మాస్టారు ఉపవాసం, దాంతో చిరాకు రెట్టింపు. "ఇంటికి పోదాం పదండి" అని మధ్యాహ్నంలోపు నాలుగుసార్లు అన్నారు.

రాపూరులో టీ కొట్టు దగ్గర మా సామాను చూసి ఒకాయన "సర్వేకి వచ్చినారా సామీ?" అని పలకరించాడు. నిమ్మ రైతు. సంగతి చెబితే, "ఇంత దూరం ఒక రాయి కోసమా?" అని నవ్వి, తన తోటకి రమ్మన్నాడు. తోట ఊరికి తూర్పున, కొండలకి బాగా ఎడంగా ఉంది. మోటారు షెడ్డు, ఒకే ఒక బల్బు. మేం నోరు తెరవకముందే దాన్ని ఆర్పేశాడు.

ఉత్తరాన నిమ్మచెట్ల మీదుగా ధ్రువనక్షత్రం కనబడింది. మన నెల్లూరు వైపు అది దిగంతానికి 14 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. దాన్ని పట్టుకోకపోతే ట్రాకర్ (చుక్కలతో పాటే కెమెరాని తిప్పే యంత్రం) సరిగ్గా తిరగదు, కాబట్టి చోటు ఎంచుకునేటప్పుడు పడమరతో పాటు ఉత్తరం కూడా చూసుకోండి. పునర్వసు చుక్కల దగ్గర కుజుడు ఎర్రగా మండుతున్నాడు. నాలుగుంబావు ప్రాంతంలో చంద్రుడు దిగాక ముప్ఫై సెకన్లకొకటి చొప్పున ఫోటోలు తీయడం మొదలుపెట్టాం. ఇరవై నిమిషాలకే అద్దం మీద మంచు పట్టింది. గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. హీటర్ పట్టీ గొట్టానికి చుట్టి పవర్‌బ్యాంకు తగిలించి, పైన బావమరిది మంకీక్యాప్ తొడిగాం.

ఐదుంబావుకి కెమెరా తెర మీద మొదటి ఫోటో, చివరి ఫోటో మార్చి మార్చి చూశాం. చుక్కలన్నీ ఎక్కడివక్కడే. ఎడమ మూలన ఒక్క చుక్క మాత్రం, బటన్ నొక్కినప్పుడల్లా ఇటు నుంచి అటు గెంతుతోంది. బటన్ రైతు చేతికిచ్చాం. ఆయన పదిసార్లు నొక్కి చూసి, "చీమంత కూడా లేదే!" అన్నాడు. కంటికి కనబడే రాయి ఎప్పుడొస్తుందని అడిగితే మాస్టారు హుషారుగా అపోఫిస్ అనే ఇంకో గ్రహశకలం సంగతి చెప్పారు: 2029 ఏప్రిల్ 13న 32 వేల కిలోమీటర్ల ఎత్తులో పోతుంది, టీవీ డిష్షులకి సిగ్నల్ ఇచ్చే ఉపగ్రహాలే 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి అని. ఇలాంటి ఫోటోల నుంచి స్థానం కొలిచి, గ్రహశకలాల లెక్కలు చూసే మైనర్ ప్లానెట్ సెంటర్‌కి పంపే ఔత్సాహికులూ ఉన్నారు. దానికి అబ్జర్వేటరీ కోడ్ (చూసే చోటుకి ఆ సెంటర్ ఇచ్చే గుర్తు) కావాలి, గడియారం సెకన్లతో సహా సరిపోవాలి. మాకు ఫోటో చాలు.

ఏకాదశి కాబట్టి చేపల పులుసు ఊసే లేదు. పొద్దు పొడిచాక ఆయన ఇల్లాలు రాగిసంగటి, చెనక్కాయల పచ్చడి తెచ్చింది. ద్వాదశి పారణ అంటూ మాస్టారు మూడు ముద్దలు తిన్నారు, ఇంటికి పోదామన్న మాట మళ్లీ ఎత్తలేదు. డబ్బులిస్తే తీసుకోలేదు. పైగా ఒక గోనెసంచి నిమ్మకాయలు డిక్కీలో వేశాడు, గూడూరు మార్కెట్లో రేటు లేదంటూ.

డీజిల్ 1,500 అయింది. సామాను తీసుకోడానికి లాడ్జికి వెళ్తే మేనేజరు చీటీ రాసిచ్చాడు. గది 4,800 కింద ఇంకో వరుస ఉంది: టెర్రస్ లైటింగ్, 300.