మాంగనీస్‌కి రేర్ ఎర్త్ రోల్ సెపరేటర్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

చీపురుపల్లి, గరివిడి వైపు పాత గని డంపుల (పారేసిన రాయి కుప్పల) సరుకు ఆడించే ఒక చిన్న యూనిట్‌లో ఈ మెషీన్, అంటే బలమైన అయస్కాంతపు రోల్‌తో మాంగనీస్ గింజల్ని వేరుచేసేది, చాలా ఏళ్లుగా నడుపుతున్నాను. పలుగురాయి, ఫెల్‌స్పార్ తీసేయడానికైతే నిక్షేపంగా కొనుక్కోండి, పని బాగా చేస్తుంది. ఇనుము కూడా తగ్గిపోతుందని అమ్మేవాళ్లు చెబితే మాత్రం నమ్మొద్దు.

మాంగనీస్ గింజని మామూలు అయస్కాంతం పట్టదు, 1,000 గాస్ (అయస్కాంత బలం కొలత) ఉండే మామూలు ఫెరైట్ అయస్కాంతపు డ్రమ్ మీద నుంచి మట్టితో పాటే జారిపోతుంది. ఈ రోల్‌లో నియోడిమియం అనే రేర్ ఎర్త్ లోహంతో చేసిన అయస్కాంత బిళ్లలు, వాటి మధ్య పల్చటి ఉక్కు బిళ్లలు వరసగా పేర్చి ఉంటాయి. ఉపరితలం మీద 10,000 గాస్ దాటే బలం కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే పడిపోతుంది, గింజని లాగేది ఆ తేడాయే, అందుకే రోల్ మీద తిరుగుతూ సరుకుని మోసే బెల్టు పల్చగా ఉండాలి, సరుకు ఒక్క పొరగానే పడాలి. పలుగు గింజ ముందుకు ఎగిరి పడుతుంది, నల్ల గింజ బెల్టుని కరుచుకుని కిందదాకా వెళ్లి రాలుతుంది. ఆ రెండింటినీ వేరుచేసే మధ్య రేకుని కాస్త జరిపితే చాలు, గ్రేడ్ మారిపోతుంది. నేను షిఫ్టుకి నాలుగైదుసార్లు వ్యర్థం గుప్పెడు తీసి తెల్ల పళ్లెంలో పరిచి చూస్తాను, నల్ల గింజలు ఎక్కువ కనిపిస్తే రోల్ వేగం తగ్గిస్తాను.

అసలు చిక్కు మన విజయనగరం జిల్లా ఖనిజంతోనే. దేశంలో మాంగనీస్ తవ్వకం 1890లలో మొదలైంది ఇక్కడే, కానీ మన రాయిలో ఇనుము, ఫాస్ఫరస్ రెండూ ఎక్కువ. ఇనుము ఉండే హెమటైట్, గోథైట్ కూడా బలహీన అయస్కాంత ఖనిజాలే కాబట్టి మాంగనీస్‌తో కలిసే వచ్చేస్తాయి. ఇక్కడి కోడూరు గనుల రకం రాయిలో ఉండే గార్నెట్ కూడా అంతే, ఎర్రటి గింజలు మంచి సరుకు వైపే పడి సిలికా పెంచుతాయి. విడిపోయిన అపటైట్ (ఫాస్ఫరస్ ఖనిజం) గింజలు వ్యర్థంలోకి పోతాయి గానీ, మాంగనీస్ లోపలే ఉన్న ఫాస్ఫరస్‌ని ఏ అయస్కాంతమూ విడదీయలేదు.

వానాకాలంలో తడి సరుకు పోస్తే గింజలు ఒకదానికొకటి అంటుకుని ఏదీ విడిపోదు. డ్రయ్యర్ నుంచి వేడివేడిగా వచ్చింది కూడా నేరుగా పోయకండి, మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, మళ్లీ చల్లారినా అంతా తిరిగి రాదు. ముందు ఒక ఫెరైట్ డ్రమ్ తప్పనిసరిగా పెట్టండి, లేకపోతే మేకులు, తీగ ముక్కలు రోల్‌కి అతుక్కుని బెల్టుని కోసేస్తాయి. బెల్టు ఖరీదు తక్కువేం కాదు, మా దగ్గర ఎక్కువ ఖర్చు దానికే. స్పానర్ పట్టుకుని రోల్ దగ్గరకు ఎవరినీ రానివ్వకండి, వేళ్లు నలిగిపోతాయి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లయితే ఆ షెడ్డులోకే రాకూడదు.

కొనేముందు మీ డంపు నుంచే ఒక బస్తా తీసుకెళ్లి, దుమ్ము జల్లించి, సైజుల వారీగా విడివిడిగా ఆడించి చూపించమనండి, రెండు వైపులదీ మాంగనీస్‌తో పాటు ఇనుము, సిలికా, ఫాస్ఫరస్ కూడా ల్యాబ్‌లో చూడండి. మీ సరుకులో ఎక్కువ భాగం సన్న పొడే అయితే ఇది వద్దు, నీళ్లతో నడిచే హై ఇంటెన్సిటీ (బలమైన అయస్కాంతపు) మెషీన్ చూసుకోండి.