చేపల పడవకు ఏ మోటారు మేలు? తిరుగు ప్రయాణపు బరువును బట్టి ఒక పోలిక

పడవ వెనుక తగిలించే పెట్రోలు మోటార్లలో (అవుట్‌బోర్డ్) పిస్టన్ రెండు కదలికల్లో ఒక దఫా పని ముగించే టూ స్ట్రోక్ తీసుకోవాలా, నాలుగు కదలికల్లో ముగించే ఫోర్ స్ట్రోక్ తీసుకోవాలా, లేక పడవ లోపల డీజిల్ ఇంజన్ బిగించుకోవాలా అని చేపల పడవ కొనబోయేవారు నన్ను పదే పదే అడుగుతుంటారు. అడిగిన ప్రతిసారీ నేను వేసే ఎదురు ప్రశ్న ఒక్కటే: మీ పడవ ఎంత బరువుతో తిరిగి వస్తుంది? వెళ్లేటప్పుడు దాదాపు ప్రతి పడవా బాగానే వెళ్తుంది. వల పొడిగా ఉంటుంది, గాలి ఇంకా లేచి ఉండదు, మనుషులు అలసిపోయి ఉండరు. తిరిగి వచ్చే వేళకు అదే వల నీళ్లోడుతూ బరువెక్కి ఉంటుంది, చేపల పెట్టెలు నిండి ఉంటాయి, అడుగున కొంత నీరు చేరి ఉంటుంది, ఎదురుగాలి మొదలై ఉంటుంది, ట్యాంకులో ఇంధనం తగ్గి ఉంటుంది. పడవనైనా మోటారునైనా ఆ గంటను దృష్టిలో పెట్టుకొని ఎంచుకోవాలని నేను నమ్ముతాను. ఇక్కడి పోలికలన్నీ ఇద్దరు ముగ్గురు మనుషులు నడిపే, ఐదు నుంచి ఎనిమిది మీటర్ల పొడవున్న పడవలకు సంబంధించినవి.

మోటారు సంగతికి ముందు పడవ అడుగు సంగతి తేలాలి. నీటిని చీల్చుకుంటూ సాగే పడవ ఒక రకం, వేగం అందుకోగానే నీటి మీదికి లేచి జారే పడవ మరో రకం. మొదటి రకానికి దాని పొడవే వేగపు హద్దు. నీటిమట్టం దగ్గర పడవ పొడవును అడుగుల్లో కొలిచి, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో (సముద్రం మీద వేగపు కొలత) తెలుస్తుంది. 25 అడుగుల పడవకు అది 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ హద్దు చేరాక ఎంత పెద్ద మోటారు పెట్టినా మొన పైకి లేచి వెనుక భాగం కుంగడమే తప్ప వేగం పెద్దగా పెరగదు, ఇంధనం ఖర్చు మాత్రం విపరీతంగా పెరుగుతుంది. ఇటువంటి పడవకు టన్ను బరువుకు నాలుగైదు హెచ్‌పీ (అశ్వశక్తి) ఉంటే మామూలుగా సరిపోతుంది. నీటి మీద జారే పడవకైతే టన్నుకు సుమారు నలభై హెచ్‌పీ కావాలి, అందులోనూ ఆ టన్ను లెక్క పడవ, మోటారు, మనుషులు, ఇంధనం, వల, చేపలు అన్నీ కలిపి వేయాలి. చాలామంది ఖాళీ పడవ బరువుతో లెక్క వేసుకొని, చేపలు బాగా పడిన రోజున పడవ లేవడం లేదని మోటారును తప్పు పడుతుంటారు.

అడుగు ఆకారంలో చదును అడుగుకీ వీ ఆకారపు అడుగుకీ మధ్యనే అసలు పోటీ. చదును అడుగు పడవ తక్కువ లోతులోకి వెళ్లగలదు, నిలబడి వల లాగేటప్పుడు తొణకదు, చిన్న మోటారుతోనే నడుస్తుంది. చెరువులకు, కాలువలకు, నిశ్చలమైన జలాశయాలకు అంతకు మించినది అక్కర్లేదు. అల లేచినప్పుడు మాత్రం అది ప్రతి అలనూ అరచేత్తో చరిచినట్లు కొడుతుంది, ఆ దెబ్బ నేరుగా మనిషి నడుముకు తగులుతుంది. లోతైన వీ అడుగు అలను మెత్తగా కోసుకుంటూ పోతుంది గాని, ఆగి ఉన్నప్పుడు అటూ ఇటూ ఊగుతుంది, ఎక్కువ శక్తిని అడుగుతుంది. ముందు మొన దగ్గర పదునైన వీ, వెనుకకు వచ్చేసరికి కొంత చదునుగా మారే మధ్యరకం అడుగును నేను ఇష్టపడతాను. వల లాగే చోట స్థిరత్వం, ఎదురు అలకు మెత్తదనం రెండూ పూర్తిగా కాకపోయినా తగినంతగా అందులో దొరుకుతాయి.

పడవ దేనితో చేసినదన్న విషయంలో నేను ఎక్కువ సేపు నిలవను. అల్యూమినియం తేలిక, రాళ్లకు తగిలితే సొట్ట పడుతుంది గాని చప్పున పగలదు. దానికి రాగి కలిసిన రంగులు వేయకూడదు, ఉప్పునీటిలో లోహం తినేయకుండా జింకు దిమ్మలు బిగించి ఉంచాలి. చెక్క పడవను ఎక్కడైనా బాగు చేసుకోవచ్చు గాని ఏటేటా శ్రద్ధ కావాలి. ఫైబర్ పడవ నిర్వహణ సులువే అయినా, పాతది కొనేటప్పుడు ఒక పరీక్ష తప్పనిసరి. మోటారు బిగించే వెనుక పలకలో చాలాసార్లు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు దిగితే ఆ ప్లైవుడ్ బయటికి కనబడకుండా కుళ్లిపోతుంది. సుత్తి పిడితో పలకంతా అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. గట్టి చోట టకటకమని స్పష్టంగా మోగుతుంది, కుళ్లిన చోట గోనెసంచి మీద కొట్టినట్లు మొద్దుగా వినిపిస్తుంది. అలా వినిపించిన పడవకు ఏ మోటారు మంచిదన్న చర్చే అనవసరం.

ఇక మోటార్లలో టూ స్ట్రోక్ పక్షాన చెప్పవలసినది చాలా ఉంది. అదే శక్తి గల ఫోర్ స్ట్రోక్ కన్నా అది తేలిక. 40 హెచ్‌పీ దగ్గర ఆ తేడా ఇరవై కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. భాగాలు తక్కువ కాబట్టి కొద్దిపాటి పనిముట్లతో ఒడ్డునే విప్పి బిగించుకోవచ్చు. వేగం పెంచే పిడి తిప్పగానే చురుగ్గా అందుకుంటుంది. అయితే పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌లోకి పంపే కార్బురేటర్ ఉన్న పాత పద్ధతి టూ స్ట్రోక్‌లో, కాలిన పొగను బయటికి నెట్టే పని లోపలికి వచ్చే కొత్త పెట్రోలు మిశ్రమమే చేస్తుంది. ఆ నెట్టుడులో కొంత పెట్రోలు కాలకుండానే పొగతో పాటు నీటిలోకి పోతుంది. ఆ వృథా నాలుగో వంతు దాకా ఉండవచ్చు. పైగా పెట్రోలులో నూనె కలపాలి. 50కి 1 పాళ్లలో అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు; ఒక్క రోజు మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది. నెమ్మదిగా వల వెంట సాగే గంటల్లో ప్లగ్గులకు మసి పట్టడం, పొగ మనిషి ముఖం మీదికే రావడం టూ స్ట్రోక్ వాడినవారందరికీ తెలిసిన బాధలే. కార్బురేటర్‌కు బదులు నేరుగా సిలిండరులోకి పెట్రోలు చిమ్మే టూ స్ట్రోక్‌లు ఈ లోపాలను చాలావరకు సరిదిద్దాయి గాని, వాటిలో పేరున్న ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ 2020లో ఆగిపోయింది కనుక కొత్తగా కొనేవారికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్లే.

ఫోర్ స్ట్రోక్ బరువు ఎక్కువ, భాగాలు ఎక్కువ, దాన్ని తీసి పడుకోబెట్టేటప్పుడు తయారీదారు చెప్పిన వైపుకే పడుకోబెట్టాలి, లేకుంటే నూనె సిలిండర్లలోకి చేరుతుంది. ప్రతి 100 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి ఇంజన్ ఆయిల్ మార్చాలి. ఈ శ్రమకు బదులుగా అది ఇచ్చేది తిరుగు ప్రయాణంలో తెలుస్తుంది. పూర్తి శక్తి మీద నడిచేటప్పుడు ఒక్కో హెచ్‌పీకి గంటకు సుమారు 0.3 లీటరు పెట్రోలు చాలు, అంటే 40 హెచ్‌పీ మోటారుకు గంటకు దాదాపు 12 లీటర్లు. ఇంధనాన్ని మూడు వాటాలు చేసి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి ఉంచుకోవాలన్న పాత నియమం పాటించేవారికి, మోసుకెళ్లవలసిన పెట్రోలు తగ్గడమంటే పడవలో చేపలకు చోటు పెరగడమే. మోటారు ఇరవై కిలోలు ఎక్కువైనా డబ్బాలు తగ్గుతాయి కాబట్టి ఎక్కువ దూరం వెళ్లేవారికి ఆ బరువు తేడా మిగలదు. ఇంకొక మాట కూడా చెప్పాలి: నెమ్మదిగా నడిచే ఫోర్ స్ట్రోక్ పక్కన మనుషులు మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు, వల తాడు దేనికో పట్టుకున్న చప్పుడు ముందే వినవచ్చు. చేతితో వల వేసే పడవలో ఇది సుఖానికే కాదు, భద్రతకూ సంబంధించినది.

లోపల బిగించే డీజిల్ ఇంజన్‌ను (ఇన్‌బోర్డ్) నేను తక్కువ చేయను. హెచ్‌పీకి గంటకు సుమారు 0.2 లీటరుతో పని జరుగుతుంది. ఇంజన్ బరువు పడవ నడుమ, కింద ఉంటుంది కాబట్టి బరువైన వల ఒక పక్కకు లాగినా పడవ నిలకడగా ఉంటుంది. గేరుతో నెమ్మదిగా తిరిగే పెద్ద ప్రొపెల్లర్ బరువును నిబ్బరంగా లాగుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కావడంతో పడవ అడుగున పేరుకొని ఒక నిప్పురవ్వకు అంటుకోగలదు. మామూలు వేడిలో డీజిల్‌కు ఆ ప్రమాదం చాలా తక్కువ. రోజుకు పది గంటలు ఇంజన్ తిరిగే వృత్తి మనిషికి, లోతున్న రేవులో పడవ కట్టుకొనేవారికి, నీటిని చీల్చుకుంటూ సాగే బరువైన పడవకు డీజిలే మేలు, అందులో నాకు సందేహం లేదు.

కానీ వల ప్రొపెల్లర్‌కు చుట్టుకున్న క్షణాన్ని ఊహించుకోండి. అవుట్‌బోర్డ్ అయితే ఇంజన్ ఆపి, పైకి ఎత్తి, కత్తితో తాడును కోసి, పది నిమిషాల్లో కదలవచ్చు. ఇన్‌బోర్డ్ అయితే ఎవరో ఒకరు నీటిలోకి దిగి, ఎగిరిపడే పడవ కిందికి దూరి కోయాలి. అల మీద ఊగే పడవ అడుగు మనిషి తలకు తగిలితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఇసుక మీదికి పడవను లాగి పెట్టుకొనేవారికి కూడా ఎత్తగలిగే మోటారే తగినది. దీనికి తోడు, ఇన్‌బోర్డ్‌లో ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు, అంటే షాఫ్టు, బయటికి వెళ్లే రంధ్రం దగ్గర పాత పద్ధతి ప్యాకింగ్ (నీరు రాకుండా దట్టించే తాడు) ఉంటే, షాఫ్టు తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారడం సహజమే, కారాలి కూడా; ధార కట్టిందంటే మాత్రం వెంటనే బిగించాలి. ఈ చూపు అలవాటు లేనివారు చిన్న పడవకు అవుట్‌బోర్డే ఎంచుకోవడం మంచిది.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. బ్యాటరీ మోటారు నిశ్చలమైన నీటిలో, గాలం వేసేవారికి చక్కనిది. కానీ 50 ఆంపియర్లు లాగే 12 వోల్టుల మోటారుకు 100 ఆంపియర్ గంటల లెడ్ బ్యాటరీ పూర్తి వేగం మీద గంట మించి ఆధారం కాదు, ఎందుకంటే ఆ రకం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. పొడవాటి తోక షాఫ్టు మోటారు నాచు, బురద ఉన్న లోతు తక్కువ నీటికి పనికివస్తుంది. గాలి నింపే పడవలను గాలాలున్న చోట నేను సిఫారసు చేయను.

అవుట్‌బోర్డ్ ఏదైనా, దాని షాఫ్టు (ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే కాడ) పొడవు పడవ వెనుక పలక ఎత్తుకు సరిపోవాలి. సాధారణంగా 15, 20, 25 అంగుళాల కొలతలు ఉంటాయి. ఒకప్పుడు అమ్మినవారి మాట నమ్మి, 20 అంగుళాల పలకకు 15 అంగుళాల షాఫ్టు మోటారు తెచ్చుకున్నాను. నిశ్చలమైన నీటిలో అది ఎలాగో నడిచింది. మొదటిసారి అలలోకి వెళ్లగానే పడవ వెనుక భాగం లేచిన ప్రతిసారీ ప్రొపెల్లర్ గాలిని పీల్చి, ఇంజన్ కీచుమని అరిచి, పడవ నీరసించి ఆగిపోయేది. పలక ఎత్తును టేపుతో కొలిచి చూడడానికి రెండు నిమిషాలు పట్టేది, ఆ పని నేనే చేసి ఉండవలసింది. ప్రొపెల్లర్‌కు పైనుండే అడ్డపలక పడవ అడుగుతో సమంగా, లేదా అంగుళం దాకా కిందగా ఉండాలి.

ఇటీవల నేను మధ్యరకం అడుగున్న 18 అడుగుల ఫైబర్ పడవకు పాత టూ స్ట్రోక్ తీసి 40 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ పెట్టుకున్నాను. దానితో వచ్చిన ప్రొపెల్లర్ పిచ్ 13 అంగుళాలు. ప్రొపెల్లర్ నీటిలో జారదనుకుంటే ఒక్క చుట్టుకు అది పడవను అన్ని అంగుళాలు ముందుకు తోయాలన్నమాట. ఖాళీగా నడిపినప్పుడు మోటారు నిమిషానికి 5,600 చుట్లు అందుకుంది, పడవ హాయిగా లేచి జారింది. ఆ పరీక్షతో తృప్తిపడి ఇంటికి వెళ్లిపోయేవారే ఎక్కువ. నేను మరునాడు 50 కిలోల ఇసుక బస్తాలు ఆరు, చేపల పెట్టెలు ఉండే చోటనే సర్ది, ముగ్గురు మనుషులతో మళ్లీ నడిపాను. పిడి చివరిదాకా తిప్పినా చుట్లు 4,700 దాటలేదు, మొన ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ మోటారు పూర్తి వేగంలో 5,000 నుంచి 6,000 మధ్య తిరగాలి. అంతకన్నా తక్కువలో బరువును ఈడ్చడం ఇంజన్‌కు చేటు. పిచ్ ఒక్క అంగుళం తగ్గిస్తే చుట్లు దాదాపు 150 నుంచి 200 పెరుగుతాయి కనుక 11 అంగుళాల ప్రొపెల్లర్ తెచ్చి బిగించాను. ఖాళీగా ఉన్నప్పుడు ఇప్పుడు చుట్లు 6,000కి చేరతాయి కాబట్టి పిడిని కాస్త వెనక్కి పట్టుకోవాలి, పై వేగం కూడా కొంత తగ్గింది. ఆరు బస్తాల బరువుతో మాత్రం మోటారు 5,100 దగ్గర నిలకడగా తిరిగింది, చల్లబరిచే నీటి ధార పక్కనుంచి వేలి లావున ఆగకుండా వస్తూనే ఉంది, పడవ మళ్లీ నీటి మీదికి లేచింది.