‘400 వాట్ల’ యాంప్ కొంటున్నారా? ముందు దాని ఫ్యూజు చూడండి

హెచ్‌ఎఫ్ యాంప్లిఫయర్ (షార్ట్‌వేవ్ సిగ్నల్ బలం పెంచే డబ్బా) కోసం వెతుకుతున్న హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) మిత్రులారా, డబ్బు పంపేముందు ఇది ఒక్కసారి చదవండి. నేను ఎవర్నీ అడక్కుండానే పంపేశాను. అక్షరాలా రూ.18,500.

హ్యామ్ లైసెన్సులో రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ నుంచి జనరల్‌కు మారి ఎంతో కాలం కాలేదు. 50 వాట్ల హద్దు పోయి 400 వాట్ల దాకా వెళ్లొచ్చు అనేసరికి చెయ్యి ఊరుకోలేదు. నా రిగ్ (రేడియో సెట్టు) 100 వాట్లది. అపార్ట్‌మెంట్ డాబా మీద 40 మీటర్ల బ్యాండ్ ఇన్వర్టెడ్ వీ (తలకిందుల V ఆకారపు తీగ యాంటెన్నా). వైజాగ్ మిత్రుడు రోజూ సాయంత్రం ‘గురూ, నీ సిగ్నల్ కాస్త వీక్’ అనడం, సరిగ్గా అప్పుడే ఆ ప్రకటన కంటపడటం! నల్ల డబ్బా, రెండు ఫ్యాన్లు, నీలం లైటు, ‘400 వాట్లు, ఆల్ బ్యాండ్, 13.8 వోల్టులు’ అని లేబులు. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ రాయను. డబ్బాను మాత్రం గుర్తుపెట్టుకోండి.

వచ్చిన రోజే గాల్లోకి ఎక్కాను. డ్రైవ్ (యాంప్‌లోకి పంపే పవర్) పది వాట్లు చాలన్నారు, రిగ్‌ను పదికి తగ్గించి యాంప్ వేశాను. మూడుసార్లు యాంప్‌తో, మూడుసార్లు రిగ్ సొంత 100 వాట్లతో మాట్లాడాను. ఎప్పుడు ఏది వాడానో వైజాగ్ మిత్రుడు చెప్పలేకపోయాడు. ‘మార్చావా? ఎప్పుడు?’ అన్నాడు.

మరునాడు పొద్దున పక్క ఫ్లాట్ పిన్నిగారు తలుపు కొట్టారు. ‘బాబూ, మా స్పీకర్లో లలితా సహస్రనామం మధ్యలో నువ్వు సీక్యూ సీక్యూ అంటున్నావు’. (సీక్యూ అంటే ‘ఎవరైనా ఉన్నారా’ అనే మా పిలుపు.) ఇన్నేళ్లలో ఒట్టి రిగ్‌తో ఎప్పుడూ రాని ఫిర్యాదు అది. అదే రోజు రెండు వీధుల అవతల ఉండే ఇంకో హ్యామ్ ఫోన్ చేశాడు: నేను 7.1 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడుతుంటే 21.3 మీద కూడా వినిపిస్తున్నానట.

అప్పుడు బుద్ధొచ్చి, ఆ హ్యామ్ దగ్గరే డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను మింగే పరికరం), వాట్ మీటర్ అరువు తెచ్చాను. డ్రైవ్ ఎంత సరిచేసినా ముల్లు 130 దగ్గర ఆగిపోయింది, అంతకుమించి కదల్లేదు. వెనక ఫ్యూజు పీకి చూస్తే 20 ఆంపియర్లు. 13.8 ఇంటూ 20 అంటే 276. లోపలికి వెళ్లేదే 276 వాట్లయితే బయటికి 400 ఎక్కణ్ణుంచి వస్తాయండీ? ఇలాంటి యాంపుల్లో సగమో, మహా అయితే అరవై శాతమో సిగ్నల్‌గా మారుతుంది. మిగతాదంతా వేడే. అంటే గట్టిగా 150. ఈ గుణకారం కొనకముందే చేసుండాల్సింది, ఎందుకంటే ఫ్యూజు ప్రకటన ఫొటోలోనే ఉంది! నేను నీలం లైటు చూసి మురిసిపోయాను.

నాలుగు స్క్రూలు విప్పాను. హీట్‌సింక్‌కు రెండు మాస్‌ఫెట్లు (పవర్ పెంచే ట్రాన్సిస్టర్లు), వాటి మీద నంబర్లు గరుకు కాగితంతో రుద్దేసి ఉన్నాయి. వాటి నుంచి ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తిన్నగా యాంటెన్నా సాకెట్. మధ్యలో లో పాస్ ఫిల్టర్ (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) ఉండాల్సిన చోట బోర్డు మీద ఖాళీ రంధ్రాలు మాత్రమే కనిపించాయి. 7.1కి మూడింతలు 21.3, దీన్నే మూడో హార్మోనిక్ అంటారు. ఇలా రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా పనిచేసే పుష్-పుల్ సర్క్యూట్‌లో రెండో హార్మోనిక్ కొంత అణుగుతుంది గానీ మూడోది అణగదు, దాన్ని ఆపాల్సింది ఫిల్టరే. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కొస్తోందో చెప్పే కొలత) పెరిగితే ఆగిపోయే ఏర్పాటు కూడా లేదు. ఒక్క వదులు కనెక్టర్ చాలు, మాస్‌ఫెట్లు మాడిపోవడానికి.

అమ్మినాయనకు మెసేజ్ పెట్టాను. మొదట ‘మీ యాంటెన్నా బాగోలేదు సార్’ అన్నాడు. డమ్మీ లోడ్ మీద చూశానంటే ‘400 అనేది ఇన్‌పుట్ పవర్ సార్’ అన్నాడు. ఫ్యూజు లెక్క చెప్పాను. ‘స్క్రూలు విప్పారు, వారంటీ పోయింది’ అన్నాడు. ఆ తర్వాత బ్లాక్ చేశాడు.

అసలు ఆ డబ్బా నిజంగా 400 ఇచ్చినా నాకు ఒరిగేదేమిటో తర్వాత లెక్కేసుకున్నాను. పవర్ నాలుగింతలైతే 6 డీబీ (డెసిబెల్), అంటే ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటరు) మీద ఒక్క గీత. వైజాగ్‌లో ఎస్7 చూపించేది ఎస్8 చూపిస్తుంది, అంతే. 100 నుంచి 130 అంటే ఒక డీబీ చిల్లర, చెవికి తెలియదు. పైగా మా బిల్డింగ్‌లో ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్ల గోల ఎస్7 దాకా ఉంటుంది. నా కేక అవతలికి వెళ్లినా, వాళ్ల జవాబు నాకు వినబడాలిగా! మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ (కాల్ సైన్ వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన యూబిటెక్స్ రేడియో సెట్టు 40 మీటర్ల మీద ఇచ్చేది పది వాట్లకు అటూఇటూ. దాంతోనే దేశమంతా మాట్లాడేవాళ్లున్నారు. ఎఫ్‌టీ8 అనే డిజిటల్ పద్ధతిలో ఐదు వాట్లతో యూరప్ అందుకోవడం పెద్ద వింతేం కాదు.

80, 160 మీటర్ల బ్యాండ్ల మీద డీఎక్స్ (దూరదేశపు స్టేషన్లు) వేటాడేవాళ్లకు, కాంటెస్టుల్లో పోటీపడేవాళ్లకు యాంప్ అవసరమే, కాదనను. అలాంటివాళ్లు సెకండ్ హ్యాండ్ దైనా సరే, డమ్మీ లోడ్ మీద వాట్ మీటరూ, సప్లై ఆంపియర్లూ ఒకే ఫ్రేములో కనబడేలా వీడియో అడగండి. మూత తీసిన ఫొటోలో బ్యాండ్‌కో ఫిల్టర్ కాయిళ్ల జత కనబడాలి. ‘రేపు పంపుతా సార్’ అంటే ఆ రేపు రాదు.

నా సమస్య ఎక్కడుందంటే డాబా మీద ఉంది. కోయాక్స్ (రిగ్ నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) కనెక్టర్‌లోకి రెండు వానాకాలాల నీళ్లు దిగి, లోపలి రాగి అల్లిక నల్లగా, పాకురుపట్టినట్టు తయారైంది. కత్తిరిస్తే మూరెడు దూరం అదే రంగు. కొత్త కేబుల్ వేసి, జాయింటు చుట్టూ టేపు చుట్టి, మధ్య పోల్‌ను ఇంకో మూడు మీటర్లు లేపాను. నాలుగు వేలతో పని అయింది. అదే రిగ్, అదే 100 వాట్లు. ‘కొత్త యాంప్ బాగా పనిచేస్తోందే!’ అన్నాడు వైజాగ్ మిత్రుడు.

నిన్న అదే ప్రకటన మళ్లీ కనబడింది. అదే ఫొటో, అదే 20 ఆంపియర్ల ఫ్యూజు. లేబులు మీద మాత్రం ఇప్పుడు 500 వాట్లు.