బోరు నీళ్లలో హీటర్ రాడ్డు: ఆరు చలికాలాల వాడకం తర్వాత

మా ఇంటి బోరు నీళ్లలో రెండు వారాలు వాడితే చాలు, హీటర్ రాడ్డు చుట్ల మీద కోడిగుడ్డు పెంకులాంటి తెల్లటి పెచ్చు కడుతుంది. ఆరు చలికాలాలుగా నల్లగొండలో అద్దె ఇంట్లో ఉంటూ, నలుగురి స్నానాలకు ఈ రాడ్డు మీదే ఆధారపడుతున్న నేను ఈ సమీక్షను ఆ పెచ్చు మీది కోపంతోనే రాస్తున్నాను. మొదటి రాడ్డు నాలుగో చలికాలంలో పోయింది, ఇప్పుడు వాడుతున్నది రెండవది. రెండూ బజారులో ఎక్కడైనా దొరికే 1500 వాట్లవే కాబట్టి కంపెనీల పోలిక జోలికి పోవడం లేదు.

నీళ్లు సరిపోతాయా అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. డిసెంబరులో తెల్లవారుజామున మా ట్యాంకు నీళ్లలో థర్మామీటరు పెడితే 20 డిగ్రీలు చూపించింది. 20 లీటర్ల నీటిని అక్కడి నుంచి 60 డిగ్రీలకు తేవడానికి, వోల్టేజీ సరిగ్గా ఉంటే, దాదాపు నలభై నిమిషాలు పడుతుంది, కరెంటు ఒక యూనిట్ లోపే కాలుతుంది. అందులో అన్నే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల నీళ్లు రెండు బకెట్లు తయారవుతాయి, అంటే ఇద్దరి స్నానం. నలుగురికి రెండు విడతలు కాచాలి. మా అమ్మాయి ఏడుంబావుకు కాలేజీ బస్సు ఎక్కాలి కాబట్టి, మొదటి విడతకు ఐదున్నరకే ప్లగ్గు పెట్టక తప్పదు. ఈ లెక్క కూడా వోల్టేజీ నిలకడగా ఉన్న రోజులదే. మా ఫ్రిజ్ స్టెబిలైజర్ మీది అంకె 190కి పడిపోయిన పొద్దుల్లో రాడ్డు ఇచ్చే వేడి మూడింట రెండొంతులకు తగ్గిపోతుంది, నలభై నిమిషాల పని దాదాపు గంట తీసుకుంటుంది. రాడ్డు త్వరగా కాగబెడుతుందని మొదటి ఏడాది నేను బంధువులందరికీ చెప్పిన మాటను ఇక్కడ కొంచెం సవరించుకోవాలి.

మరొక పొరపాటు నాకు రెండో ఏడాది గాని తెలియలేదు. వేడి నీళ్లు పైకి తేలతాయి, రాడ్డు చివరకు కింద ఉన్న నీళ్లు మాత్రం చల్లగానే ఉండిపోతాయి. నేను పైన వేలు ముంచి, కాగాయనుకుని తీసేసేవాణ్ని, బకెట్టు కలిపేసరికి అవి గోరువెచ్చగా తేలేవి. ఇప్పుడు వెడల్పు బకెట్టు బదులు సన్నగా, ఎత్తుగా ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో, చుట్లు అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉండేటట్లు కర్రకు వేలాడదీస్తున్నాను. అవే నిమిషాలలో చేతికి వచ్చే వేడి నీళ్లు స్పష్టంగా పెరిగాయి.

ఇక పెచ్చు సంగతి. బోరు నీళ్లలో కరిగి ఉన్న సున్నం నీళ్లు కాగినప్పుడు విడిపోయి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోటును, అంటే రాడ్డు ఒంటినే పట్టుకుంటుంది. పెచ్చు మందమైతే నీళ్లు ఆలస్యంగా కాగుతాయని, ఆ ఆలస్యం చూసి జాగ్రత్త పడవచ్చని నేను అనుకున్నాను. గడియారం పెట్టి చూస్తే పెద్ద తేడా కనబడలేదు. లోపలి తీగ పుట్టించే వేడికి నీళ్లలోకి తప్ప వేరే దారి లేదు కాబట్టి, అది ఆ పెచ్చును తోసుకుని ఎలాగో బయటికి వస్తుంది, అలా రావడానికి లోపలి తీగ, దాని మీది లోహపు గొట్టం మాత్రం ముందుకంటే చాలా ఎక్కువగా కాలవలసి వస్తుంది. నీళ్లు యథాప్రకారం కాగుతున్నాయి కదా అని నేను నిశ్చింతగా ఉన్న నాలుగేళ్లూ ఆ గొట్టం లోపల్లోపల కాలుతూనే ఉంది. పైగా పెచ్చును కత్తి వెనక వైపుతో గీకి రాల్చేవాణ్ని. గొట్టానికి చిల్లి పడడంలో పెచ్చు పాలెంతో, నా కత్తి పాలెంతో ఇప్పుడు తేల్చి చెప్పలేను.

నాలుగో చలికాలంలో మా అమ్మ ఒక పొద్దున, "గంగాళం అంచు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది రా" అన్నది. అప్పట్లో ఆమె స్నానానికి స్టీలు గంగాళంలోనే రాడ్డు వేసేవాళ్లం. "చలికి అట్లనే అనిపిస్తదమ్మా" అని కొట్టిపారేశాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. సంక్రాంతి తర్వాత ఇంటి యజమాని పాత స్విచ్చు బోర్డులు మార్పిస్తూ, మా వాటా మొత్తానికి, కరెంటు 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, పడిపోయి లైను కోసేసే ట్రిప్పర్ పెట్టించారు. మరుసటి రోజు తెల్లవారుజామున నేను రాడ్డు ముంచి స్విచ్చు వేయగానే ఇల్లంతా చీకటైంది. ట్రిప్పర్ ఎత్తి మళ్లీ వేస్తే మళ్లీ పడిపోయింది. మూడోసారి పడిపోయాక, నాలుగేళ్లుగా ఒక్కనాడు మొరాయించని రాడ్డును అనుమానించడానికి నాకు మనసు రాలేదు, నిన్న వచ్చిన ట్రిప్పరే పనికిరానిదని తేల్చేశాను. యజమానితో ఆ మాటే అన్నాను, ఆయన నొచ్చుకున్నారు. అంతటితో ఆగకుండా, ట్రిప్పర్ లేని పై వాటా నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డుతో లైను లాక్కుని రెండు రోజులు నీళ్లు కాచాను. ఆ రెండు రోజులూ అమ్మ ఎందుకో గంగాళం జోలికి పోలేదు, ప్లాస్టిక్ బకెట్టులోకి పోయించుకున్నది.

మూడో రోజు వచ్చిన ఎలక్ట్రీషియన్ ట్రిప్పర్‌ను ముట్టుకోనే లేదు. రాడ్డు తీయించి, మీటరు తీగ ఒకటి ప్లగ్గులోని కరెంటు పిన్నుకు, రెండవది రాడ్డు ఒంటికి ఆనించి చూశాడు. రెండింటికీ పొత్తు ఉండకూడదు, ముల్లు మాత్రం కదిలింది. "ట్రిప్పర్ మంచిగనే ఉంది సార్, మీ రాడ్డుకే లీకేజీ ఉంది. దాని పని అది చేస్తే మీరు దాన్నే తిట్టుకుంటున్నరు" అన్నాడు. పెచ్చు ఊడిన ఒక చుట్టు మీద ఆవగింజంత నల్లటి మచ్చ చూపించాడు. లోపలి తీగకూ బయటి గొట్టానికీ మధ్య ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి ఆ చిల్లిలోంచి చెమ్మ తగిలి, కరెంటు నీళ్లలోకి వస్తున్నదట. మూడు పిన్నుల ప్లగ్గు ఉంది కదా అంటే, గోడలోని ఎర్తు తీగ పోయి కలిసే గుంటను చూపించమన్నాడు. అది ఎండి బీటలు వారి ఉంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయించడం ఆ రోజే జరిగింది.

చెడిపోవడానికి ఇందులో ఏముందని నేను గొప్పగా చెప్పుకున్న వస్తువు కథ ఇది. రెండవ రాడ్డుకు కత్తి తగలనివ్వలేదు. పదిహేను రోజులకు ఒకసారి, ప్లగ్గు తీసి చల్లారిన రాడ్డును, లీటరు గోరువెచ్చని నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి అందులో నిలబెడతాను, పైన తీగలు కలిసే టోపీ మాత్రం తడవనివ్వను. సోడా పోసినట్లు బుడగలు లేచి, అరగంటలో పెచ్చు పెళ్లలుగా అడుగున పడుతుంది. నకిరేకల్ నిమ్మకాయలు చవకగా దొరికిన వారం అమ్మ వాటి రసంతోనే చేయించింది, పని జరిగింది గాని, ఎన్ని కాయలు పిండామో చెబితే నవ్వుతారు.

అసలు మేలు మాత్రం నేను అనుకోని చోట దొరికింది. కిందటి ఏడాది బోరు మోటారు కాలిపోయి, ఇరవై రోజుల పాటు స్నానాలకు కూడా నల్లా నీళ్లే పట్టి వాడవలసి వచ్చింది. అవి పానగల్లు ఉదయ సముద్రంలో నిలిపిన కృష్ణా నీళ్లు. ఆ ఇరవై రోజులకు రాడ్డు మీద వేలితో తుడిస్తే పోయే పలుచటి మసక తప్ప పెచ్చు లేదు. అప్పటి నుంచి కాచడానికి మాత్రం నల్లా నీళ్లు పట్టి ఉంచుకుంటున్నాం, కలపడానికి బోరు నీళ్లు వాడుతున్నాం. నల్లా రాని పూట మళ్లీ బోరే గతి.

ముగ్గురు, నలుగురు ఉన్న అద్దె ఇంటికి, పొద్దున గంటన్నర ఓపిక ఉన్నవారికి, 16 ఆంపియర్ల సాకెట్టు, తడి ఉన్న ఎర్తు, ట్రిప్పర్ మూడూ ఉంటే ఈ రాడ్డు నా వరకు చాలింది. మామూలు చిన్న ప్లగ్గు పాయింటులో పెట్టకూడదు, 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. మా ఇంట్లో ప్లగ్గు ఊడదీసి, రాడ్డు మేకుకు తగిలించాకే చెంబు ముంచాలన్న నియమం ఉంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ నియమం ఎంతవరకు నిలుస్తుందో నేను హామీ ఇవ్వలేను. అమ్మ మాత్రం ఇప్పటికీ ఊరికి పోతే కట్టెల పొయ్యి మీది కాగు నీళ్లతోనే తృప్తిగా స్నానం చేస్తుంది. ఇంటి యజమాని ఈసారి గీజరు పెట్టించుకోవడానికి ఒప్పుకున్నారు గాని, ట్యాంకులోకి ఎక్కేవి ఆ బోరు నీళ్లే, పెచ్చు కట్టేది కంటికి కనబడని చోట, నిమ్మ ఉప్పు చేయి అందని లోతులో. అందుకని ఈ చలికాలానికి ఇంకా ఆగుతున్నాను.