పాపను ట్రెయిలర్‌లో లాగే సైకిల్: విశాఖ ఎత్తుపల్లాల్లో రెండేళ్లు వాడాక

పిల్లల ట్రెయిలర్ లాగడానికి సైకిల్ కొనాలనుకునేవాళ్లు షాపులోకి వెళ్లగానే ముందు వెనక చక్రం దగ్గర కూర్చుని చూడండి. రంగు, బరువు, సస్పెన్షన్ తర్వాత చూసుకోవచ్చు. వెనక యాక్సిల్ (చక్రం మధ్యలోని ఇరుసు) ఏ రకం, అన్నిటికన్నా చిన్న గేరు ఎంత చిన్నది, బ్రేకులు ఎలాంటివి అన్నవే అసలు విషయాలు. రెండేళ్లకు పైగా పాపను వెనక కట్టుకుని తిరిగాక ఈ మూడింటి గురించి గట్టిగా చెప్పగలను. అందులోనూ లాగడం కన్నా ఆపడానికే ఎక్కువ మార్కులు వేస్తాను. ఎత్తు ఎక్కలేకపోతే దిగి నడిపించుకుంటాం. దిగుడులో బండి ఆగకపోతే చేయగలిగేది ఏమీ ఉండదు.

మేం ఉండేది ఎంవీపీ కాలనీలో. పాప ప్లే స్కూలు చినవాల్తేరులో, నా ఆఫీసు సిరిపురంలో. మ్యాపులో చూస్తే అన్నీ దగ్గరే. కానీ సముద్రం ఒడ్డు నుంచి వాల్తేరు మీదికి వెళ్లే దారి ఏదైనా ఎక్కుడే, వచ్చేటప్పుడు అంతా దిగుడే. చదునైన ఊళ్లలో ఉన్నవాళ్లు రాసే సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. విజయవాడలో ఉన్న మా బావగారు మామూలు సింగిల్ స్పీడ్ సైకిల్‌తోనే వాళ్ల బాబును హాయిగా లాగుతున్నారు. అదే సైకిల్ మా ఊళ్లో ఒక్క వారం కూడా నడవదు.

నా సైకిల్ స్టీల్ ఫ్రేమ్ హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైకుకీ మధ్య రకం. 700×40 టైర్లు, ముందు, అంటే పెడల్స్ దగ్గర, 48-38-28 పళ్లతో మూడు పళ్లచక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ల వరకు ఎనిమిది గేర్ల క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి), హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, వెనక 135 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్ హబ్ (హబ్ అంటే చక్రం మధ్య భాగం, క్విక్ రిలీజ్ అంటే మీట తిప్పి చక్రం ఊడదీసుకునే రకం). ట్రెయిలర్ ఇద్దరు పిల్లలు పట్టేది, బెంగళూరులో ఒక కుటుంబం వాడి అమ్మేస్తుంటే తీసుకున్నాం. ఖాళీగా 11 కిలోలు, పిల్లలూ సామానూ కలిపి 45 కిలోల దాకా మోయొచ్చు.

గేర్ల సంగతి కొంచెం లెక్క వేసి చెబుతాను, ఎందుకంటే షాపులో ఎవరూ చెప్పరు. నేను, సైకిల్, ట్రెయిలర్, పాప, బ్యాగులు కలిపి 115 కిలోల దాకా ఉంటాం. ముందు 28, వెనక 34 పళ్ల మీద పెట్టి పెడల్ ఒక చుట్టు తిప్పితే బండి దాదాపు 1.8 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగం. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎత్తులో ఆ వేగానికి బరువును పైకి లాగడానికే సుమారు 100 వాట్లు కావాలి. మామూలు ఆరోగ్యం ఉన్న మనిషి చెమట పట్టినా కాసేపు ఇవ్వగలిగే శక్తే అది. ఇప్పుడు బాగా అమ్ముతున్న ఒకే చైన్‌రింగ్ (పెడల్స్ దగ్గరి పళ్లచక్రం) ఉన్న సైకిళ్లలో ముందు 38 ఉందనుకోండి, వెనక అదే 34 మీద, అంతే చురుగ్గా తొక్కితే వేగం గంటకు తొమ్మిది కిలోమీటర్లకు దగ్గరవుతుంది, శక్తి 140 వాట్లు కావాలి. అంత ఇవ్వలేక నెమ్మదిగా, బలమంతా పెట్టి తొక్కుతాం. ఆ భారం మోకాళ్ల మీద పడుతుంది. అందుకే ముందు పళ్లు వెనక పెద్ద చక్రం పళ్ల కన్నా తక్కువ ఉండాలి. ట్రెయిలర్ సైకిల్‌కి ఇది నా మొదటి షరతు. ‘21 గేర్లు’, ‘24 గేర్లు’ అని స్టిక్కర్ మీద రాసిన అంకె చూసి మురిసిపోవద్దు. అన్నిటికన్నా చిన్న గేరులో ముందూ వెనకా పళ్లు లెక్కపెట్టండి.

హబ్ విషయం దీనికన్నా తక్కువ మందికి తెలుసు. తక్కువ ధర గేరు సైకిళ్లలో చాలావాటికి వెనక ఫ్రీవీల్ ఉంటుంది, అంటే పళ్లచక్రాల గుత్తిని హబ్ మీది మరలకు తిప్పి బిగిస్తారు. వాటిలో కుడివైపు బేరింగ్ బాగా లోపలికి ఉండి, యాక్సిల్ చివర ఆసరా లేకుండా మిగిలిపోతుంది. బరువు ఎక్కువైతే అక్కడే వంగుతుంది. నా పాత ఏడు గేర్ల సైకిల్‌కి అదే జరిగింది, అప్పటికి ట్రెయిలర్ కట్టి కొన్ని నెలలే అయింది. క్యాసెట్ హబ్‌లో ఆ బేరింగ్ చివరి దాకా వస్తుంది. ఈ సైకిల్ యాక్సిల్ ఇప్పటికీ తిన్నగా ఉంది. చక్రం తిప్పి ఊగుతోందేమో అప్పుడప్పుడు చూసుకుంటాను. వెనక చక్రానికి 36 స్పోకులు, రెండు గోడల రిమ్ము ఉండటం కూడా కలిసొచ్చింది.

హిచ్ అంటే ట్రెయిలర్ కర్రను సైకిల్‌కి తగిలించే చిన్న ఇనుప ముక్క. అది వెనక చక్రం ఎడమవైపు, యాక్సిల్ మీదే కూర్చుంటుంది. కుడివైపు చైను, గేర్లు ఉంటాయి కాబట్టి ఎడమ తప్పదు. డిస్క్ బ్రేకు కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే భాగం) కూడా అటే ఉంటుంది. కొన్ని సైకిళ్లలో ఈ రెండూ ఒకదానికొకటి తగులుతాయి. అందుకే కొనడానికి వెళ్లేటప్పుడు హిచ్ ముక్క జేబులో వేసుకెళ్లి, డబ్బు కట్టకముందే పెట్టి చూడండి. క్విక్ రిలీజ్ అయితే సులువు, కాస్త పొడుగు స్క్యూవర్ (హబ్‌లోంచి దూరే సన్నని కడ్డీ) చాలు. నట్లతో బిగించే యాక్సిల్ అయినా పర్వాలేదు, హిచ్ పెట్టాక నట్టు మరలు పూర్తిగా ఎక్కాలి. త్రూ యాక్సిల్ (ఫ్రేమ్‌లోకే మరలతో బిగిసే లావాటి ఇరుసు) ఉంటే మాత్రం పొడవు, మరల మధ్య దూరం సరిగ్గా సరిపోయే వేరే యాక్సిల్ తెప్పించాలి. అది మన ఊళ్లో దొరకదు. కార్బన్ ఫ్రేమ్ జోలికి అసలు వెళ్లొద్దు.

ఇప్పుడు బ్రేకులు. ట్రెయిలర్‌కి సొంత బ్రేకు ఉండదు. మనం ఆగితే అది ఆగదు, వెనక నుంచి నెడుతుంది. తిన్నగా వెళ్తున్నప్పుడు అది ఒక చిన్న తోపు. మలుపులో, అందులోనూ తడి రోడ్డు మీద, ఆ తోపు వెనక చక్రాన్ని పక్కకి జరుపుతుంది. కాబట్టి మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ కలిపి వేగం తగ్గించుకోవాలి. మా ట్రెయిలర్ మాన్యువల్‌లో తిన్నని రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లు, మలుపుల్లో 10 కిలోమీటర్లు దాటొద్దని ఉంది. ఆ 10 అన్న అంకెను పెద్దలు చెప్పిన మాటలా పాటిస్తున్నాను. సిరిపురం నుంచి కిందికి వచ్చేటప్పుడు మొదటి నుంచీ బ్రేకు పట్టుకునే దిగుతాను, వేగం ఎక్కాక పట్టుకోవడం ఉండదు. పాత సైకిల్‌కి రిమ్ముని పట్టే వి-బ్రేకులుండేవి. ఎండాకాలం బాగానే పట్టేవి. వర్షంలో రిమ్ము మీద ఇసుక నీళ్లు చేరి, మొదటి క్షణం పట్టనే పట్టేవి కావు. ఆ ఒక్క క్షణమే నాకు టెన్షన్. డిస్క్‌కి మారాక ఆ భయం పోయింది. వైరుతో పనిచేసే డిస్క్ కన్నా హైడ్రాలిక్ ఎందుకన్నానంటే, ఇక్కడి గాలికి బ్రేకు వైరు గొట్టం లోపలే తుప్పుపట్టి బిగుసుకుంటుంది. ఆయిల్ గొట్టానికి ఆ బాధ లేదు. ప్యాడ్లు మాత్రం మామూలు సైకిల్ కన్నా త్వరగా అరుగుతాయి. ఒక జత ఎప్పుడూ ఇంట్లో ఉంచుతాను.

ఉప్పుగాలి విశాఖలో ప్రతి సైకిల్‌నీ తినేస్తుంది. పెదవాల్తేరులో నేను వెళ్లే సైకిల్ షాపు పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: “ఉప్పుగాలికి చైను కాదు బాబూ, ముందు నట్లు పోతాయి.” నిజమే. చైనుకి నూనె వేస్తూనే ఉంటాం కాబట్టి బతుకుతుంది. ఎవరూ ముట్టుకోని బోల్టులు, ట్రెయిలర్ చక్రాల పిన్నులు, హిచ్ లోపలి స్ప్రింగు మాత్రం చూస్తుండగానే ఎర్రబడతాయి. స్టీల్ ఫ్రేమ్ అన్నాక లోపల తుప్పు రాదా అని అడిగేవాళ్లుంటారు. వస్తుంది, సీటు గొట్టంలోంచి నీళ్లు దిగితే వస్తుంది. కొన్న వారంలోనే సీటు గొట్టానికి, అన్ని బోల్టులకూ గ్రీజు పెట్టించాను. బీచ్ రోడ్డు మీద తిరిగిన ఆదివారాల్లో ఇంటికి రాగానే బకెట్ మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకి నూనె. ఇంతకు మించి ఏమీ చేయను, ఫ్రేమ్ బాగుంది. అల్యూమినియం అయితే తుప్పు బెంగ తక్కువే, కానీ స్టీల్ బోల్టు అల్యూమినియం మరలో గ్రీజు లేకుండా ఉంటే రెండూ పట్టేసుకుంటాయి.

ట్రెయిలర్ గురించి రెండు మాటలు. చక్రాలు 20 అంగుళాలవి, 406 సైజు. పిల్లల 20 అంగుళాల సైకిళ్లలో ఎక్కువగా వాడేది ఇదే కాబట్టి ట్యూబు ఏ షాపులోనైనా దొరుకుతుంది. బైకు వాల్వు ఉన్న ట్యూబు వేయిస్తే పెట్రోల్ బంకులోనే గాలి కొట్టించుకోవచ్చు. సైకిల్ పక్కకి పడినా ట్రెయిలర్ నిటారుగానే ఉంటుంది, హిచ్‌లో తిరిగే జాయింటు అందుకే పెట్టారు. జాయింటు ఊడినా పట్టి ఉంచేలా ఫ్రేమ్ చుట్టూ వేసే పట్టీ ఒకటుంటుంది, దాన్ని ఏ రోజూ వదలొద్దు. వెనక చక్రానికి మడ్‌గార్డు, దాని చివర రబ్బరు ముక్క కూడా కావాలి, లేకపోతే రోడ్డు మీది నీళ్లూ కంకరా నేరుగా పాప మీదికే. ఏడాది నిండి, హెల్మెట్ పెట్టుకుని మెడ నిలబెట్టి కూర్చోగలిగాకే పిల్లల్ని ఎక్కించాలి. మేం పాపకు ఏడాదిన్నర దాటాకే మొదలుపెట్టాం. అంతకుముందు పది కిలోల బియ్యం బస్తాను బెల్టు పెట్టి కూర్చోబెట్టి, పొద్దున్నే వాహనాలు ఆపేసే వేళ ఆర్కే బీచ్ దగ్గర అలవాటు చేసుకున్నాను. స్పీడ్ బ్రేకర్ ఎలా దాటాలో, మలుపు ఎంత వెడల్పుగా తీసుకోవాలో అక్కడే చేతికి వచ్చింది.

దారి ఎంచుకోవడం సైకిల్ ఎంచుకోవడమంత పెద్ద పని. ట్రెయిలర్‌లో పిల్ల ముఖం బస్సుల పొగగొట్టాల ఎత్తులో ఉంటుంది. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా హైవే మీద నేను ఎప్పుడూ తీసుకెళ్లను. ఎంవీపీ లోపలి రోడ్లు, లాసన్స్‌బే కాలనీ, అక్కడి నుంచి వాల్తేరు సందులు. దూరం కొంచెం పెరుగుతుంది, పాప కుక్కల్నీ ఆవుల్నీ పేరుపేరునా పలకరించుకుంటూ వస్తుంది. ట్రెయిలర్‌కి పొడుగు కర్రతో ఎర్ర జెండా కట్టినప్పటి నుంచి ఆటోలవాళ్లు పక్కకి జరిగి దారి ఇస్తున్నారు. రాంగ్ రూట్‌లో వచ్చే బైకులే కష్టం. ట్రెయిలర్ వెడల్పు 80 సెంటీమీటర్లు, వాళ్లు సైకిల్ హ్యాండిల్ చూసి లెక్కవేసుకుని వస్తారు. అలాంటి చోట ఆగిపోవడమే నా పద్ధతి.

ఏప్రిల్, మే నెలల్లో తొమ్మిదిన్నర తర్వాత ట్రెయిలర్ బయటికి తీయను. ప్లాస్టిక్ కిటికీ వేస్తే లోపల ఉక్కపోత భరించలేం, దోమతెర లాంటి జాలీ మాత్రమే వేయాలి.

ఎలక్ట్రిక్ తీసుకోకూడదా అని చాలామంది అడుగుతారు. మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఈ ఊరి ఎత్తులకు అది మంచి ఆలోచనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకైతే అదే చెబుతాను. కాకపోతే వెనక హబ్‌లో మోటారు ఉన్నవాటికి యాక్సిల్ లావుగా ఉంటుంది, మామూలు హిచ్ రంధ్రంలో పట్టదు, వేరే అడాప్టరు కావాలి. మోటారు ముందు చక్రంలోనో పెడల్స్ దగ్గరో ఉన్న సైకిల్ అయితే ఈ పేచీ లేదు. బరువు పెరుగుతుంది కాబట్టి బ్రేకుల విషయంలో ఇంకా పట్టుదలగా ఉండాలి.

మా ఆవిడ సైకిల్‌కి కూడా ఇప్పుడు ఒక హిచ్ ముక్క బిగించాం. ఆమెది నట్ల యాక్సిల్, ముందు 28 పళ్ల చక్రం ఉంది. పొద్దున నేను ట్రెయిలర్‌ని ప్లే స్కూల్లో వదిలేసి ఆఫీసుకి వెళ్తాను, మధ్యాహ్నం ఆమె వచ్చి తన సైకిల్‌కి తగిలించుకుని పాపను ఇంటికి తెస్తుంది. దారిలో ఎంవీపీ రైతు బజార్‌లో కూరగాయలు కూడా ట్రెయిలర్ వెనక సంచిలోనే వస్తాయి.