రోమ్‌లో చేప తినే ముందు తూకం అడగండి

112.50 యూరోలు. ముగ్గురు మనుషులు, ఒక్క పూట భోజనం. మేము వెళ్ళినప్పుడు యూరో 93 రూపాయలు, అంటే పదివేల నాలుగొందల పైమాటే. రోమ్ వెళ్ళొచ్చాక అందరూ కొలోసియం ఎలా ఉంది, వాటికన్ ఎలా ఉంది అని అడుగుతుంటే నేను చేప దగ్గరే ఆగిపోతున్నానని మా ఆయన విసుక్కుంటున్నారు. అందుకే ఒక్కసారి రాసి పడేస్తున్నా, వెళ్ళబోయేవాళ్ళకి పనికొస్తుంది.

వెళ్ళింది 2025 మార్చి చివర్లో, అయిదు రాత్రులు. నేను, మా ఆయన, అత్తయ్య. అత్తయ్యది భీమవరం, చేపల గురించి ఆవిడ ముందు ఎవరూ మాట్లాడకూడదు, ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. అది క్యాథలిక్కులకి పాతికేళ్ళకోసారి వచ్చే జూబిలీ సంవత్సరం కావడంతో గదుల రేట్లు మండిపోతున్నాయి. టెర్మినీ స్టేషన్ దగ్గర త్రీస్టార్ హోటల్లో ముగ్గురికి ఒక గది, రాత్రికి 138 యూరోలు. గది శుభ్రంగా ఉంది, లిఫ్టులో మాత్రం ఒక మనిషి, ఒక సూట్‌కేసు పడితే గొప్ప. సిటీ ట్యాక్స్ అని మనిషికి రాత్రికి 6 యూరోల చొప్పున ఇంకో 90 విడిగా కట్టించుకున్నారు. మోసమేమీ కాదు, ఆ ఊరి రూలే, కాకపోతే బుక్ చేసేటప్పుడు మనం చూసుకునే మొత్తంలో అది ఉండదు. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, 30,000 యూరోలకి తగ్గకుండా ఇన్సూరెన్స్ ఉండాలి, ఆ టెన్షన్ అంతా మా ఆయనే పడ్డారు కాబట్టి నేను రాయను.

కొలోసియం టికెట్ 18 యూరోలు, అందులోనే పక్కనున్న పాత రోమ్ శిథిలాలు ఫోరమ్, పాలటైన్ గుట్ట కూడా. వాళ్ళ సొంత సైట్‌లో 30 రోజుల ముందు వదులుతారు, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మేము బద్ధకించి వారం ముందు చూస్తే ఒక్కటీ లేదు. ఇంకో సైట్ వాడు అదే టికెట్ 49కి అమ్ముతున్నాడు. నేను మూడు రోజులు పొద్దున్నా రాత్రీ సొంత సైటే తిరగేస్తూ కూర్చుంటే ఎవరో వదులుకున్నవి మూడు దొరికాయి. టెర్మినీ నుంచి మెట్రోలో రెండో స్టేషనే, టికెట్ 1.50. చూశాం, బాగుంది, కాళ్ళు పడిపోయాయి.

ఇక శుక్రవారం రాత్రి. ట్రాస్తెవేరే అనే పేటలో ఒక సందు, గళ్ళ గుడ్డ పరిచిన బల్లలు, బయట నిలబడి రండి రండి అని పిలిచే వెయిటరు. బయట నిలబడి పిలిచేచోట తినకూడదని మనకి తెలియదా? తెలుసు. ఆకలి. మెనూలో చేప ఎదురుగా 7.50 అని ఉంది, పక్కన ఏదో చిన్న అక్షరాల్లో ఉంది. పాస్తానే 12 ఉన్నచోట చేప ఏడున్నరకి ఎందుకిస్తాడు అని అప్పుడే అనుమానం రావాల్సింది. వెయిటరు పచ్చి చేపని పళ్ళెంలో పెట్టి తెచ్చి చూపించాడు, బ్రాంజీనో అంటారట. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని మొప్ప ఎత్తి చూశారు, వేలితో పొట్ట నొక్కారు, "మన పండుగప్పకి చుట్టంలా ఉందమ్మాయ్, తాజాదే" అని తీర్పిచ్చారు. వెయిటరు మురిసిపోయాడు. బరువెంతో అతను చెప్పలేదు, మేమూ అడగలేదు.

రుచి విషయంలో అబద్ధం చెప్పను. ఉప్పు, నిమ్మకాయ, ఆలివ్ నూనె, బంగాళాదుంపలు, అంతే, వెన్నలా విడిపోయింది. వెయిటరు మా ముందే నిలబడి రెండు స్పూన్లతో ముల్లంతా తీసి ముగ్గురికీ వడ్డించాడు. తల, తోక, ముల్లు ఇంకో పళ్ళెంలోకి నెట్టి పట్టుకుపోయాడు. అత్తయ్య ఆ పళ్ళెం వెళ్ళినవైపే చూస్తూ ఉండిపోయారు. "తలకాయ ఏదిరా?" అన్నారు మా ఆయనతో. ఆయన లోపలికెళ్ళి సైగలతో అడిగేసరికే అది చెత్తబుట్టలో పడింది.

బిల్లులో చేప 82.50. పాస్తా 12, ఆకుకూర 7, నీళ్ళు 3.50, అడక్కుండా పెట్టిన బ్రెడ్డు మనిషికి రెండున్నర లెక్కన 7.50. పొరపాటేమో అని పిలిచాం. అతను మెనూ తెచ్చి ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు, "ఎట్టో". ఎట్టో అంటే వంద గ్రాములు. మా చేప కేజీ నూరు గ్రాములట, పదకొండు ఎట్టోలు, పచ్చిగా, తలతో ముల్లుతో సహా తూచిన లెక్క. ఇటలీలో చేప ఇలాగే అమ్ముతారు, రూలు ప్రకారం అతని తప్పు లేదు. కానీ పచ్చి చేప చూపించడానికి నోరొచ్చిన మనిషికి బరువు చెప్పడానికి రాలేదా? అత్తయ్య గొడవ పెట్టుకోలేదు, అదే మాకు భయం వేసింది. హోటల్‌కి వెళ్ళేదాకా మాట్లాడలేదు. పడుకోబోతూ, "కాటా చూడకుండా చేప కొన్నాను, అదీ తలకాయ లేకుండా. ఊళ్ళో ఎవరికీ చెప్పకండి" అన్నారు. (ఆవిడ ఇవి చదవరు.)

మర్నాడు శనివారం వాటికన్ మ్యూజియం, టికెట్ 20, ఆన్‌లైన్ బుకింగ్‌కి ఇంకో 5. నెలలో ఆఖరి ఆదివారం ఫ్రీ, ఆ రోజు జనం విరగబడతారని డబ్బులిచ్చే వెళ్ళాం. మెడ నొప్పి పుట్టేదాకా లోపలున్న సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థన మందిరం కప్పు మీది బొమ్మలు చూశాం, మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా అవి వేశాడు. శనివారాలు అత్తయ్య నీసు ముట్టరు కాబట్టి తిండి ఎలా అని దిగులుపడుతూ బయటికొస్తే, ఒక వీధి మూల గదంత చిన్న పిజ్జా కొట్టు. అక్కడ పిజ్జా పలకలుగా ఉంటుంది, ఎంత కావాలో అంత కోసిస్తారు. కౌంటర్లో ఉన్న ఆవిడ బంగాళాదుంప పిజ్జా మీద కత్తి పెట్టి, చాలా అన్నట్టు అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య ఇంకొంచెం అన్నట్టు చెయ్యి ఊపారు. కత్తి జరిగింది. కత్తెరతో కోసి, కాటా మీద పెట్టి, అంకె మావైపు తిప్పి చూపించింది. అన్నీ కలిపి 600 గ్రాములు, కేజీ 20 యూరోలు, మొత్తం 12. "ఇదీ తూకమంటే" అన్నారు అత్తయ్య, నిన్నటి రాత్రి నుంచి మొదటిసారి నవ్వుతూ. సంచిలోంచి కందిపొడి తీసి దాని మీద చల్లుకుని తిన్నారు. కౌంటర్ ఆవిడకి రుచి చూపిస్తే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఇంకో చిటికెడు అడిగింది. మిగిలిన రెండు రోజులూ మధ్యాహ్నం అక్కడే తిన్నాం, ఊళ్ళో ఇంకో మూల ఉన్నా సరే బస్సెక్కి మరీ వచ్చి.

శాకాహారులకి ఒక మాట. కార్బొనారా పాస్తాలో పంది మాంసం ఉంటుంది. కాచో ఎ పెపె అని జున్ను, మిరియాల పాస్తా ఉంటుంది, చూడ్డానికి శాకాహారమే గానీ ఆ పెకొరీనో జున్నుకి పాలు విరగ్గొట్టేది గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో. పట్టింపు ఉన్నవాళ్ళు అరాబియాటా పాస్తా తినండి, టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి, మన నోటికి అదే దగ్గర. జున్ను వద్దని మాత్రం ముందే చెప్పండి.

నీళ్ళు కొనకండి. వీధుల్లో నాసోని అని ఇనుప కుళాయిలుంటాయి, రాత్రింబవళ్ళు కారుతూనే ఉంటాయి, మంచినీళ్ళే. ముక్కులాంటి గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిల్లులోంచి నీళ్ళు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. కాఫీ నిలబడి తాగితే 1.20, అదే కాఫీ పియాజ్జా నవోనా అనే కూడలిలో కుర్చీలో కూర్చుంటే మాకు 5 పడింది. పాంథియోన్ అనే పాత రోమన్ గుడికి మేము వెళ్ళినప్పుడు 5 యూరోలు, ఎంత చెప్పినా తక్కువే, కప్పు మధ్యలో కన్నులా తెరిచి ఉన్న గుండ్రటి రంధ్రం, వాన నీళ్ళు పోవడానికి నేలలో చిల్లులు. అత్తయ్య ఆ చిల్లులే ఎక్కువసేపు చూశారు.

తిరిగి వచ్చే రోజు ఎయిర్‌పోర్టు రైలు మనిషికి 14, ముగ్గురికి 42. పాత నగరం చుట్టూ ఉన్న గోడ లోపలి నుంచి ఎక్కితే ట్యాక్సీకి 55 అని ఫిక్స్‌డ్ రేటు ఉంది, మూడు సూట్‌కేసులతో ట్యాక్సీయే నయమనుకున్నాం. డ్రైవరు డిక్కీ తీశాడు. అత్తయ్య సూట్‌కేసు వదల్లేదు.

"యాభై అయిదు" అన్నారు మా ఆయన, ఫరవాలేదు ఎక్కమ్మా అన్నట్టు.

"మొత్తానికా, ఎట్టోకా? ముందు అడుగు."